కిటికీ కొలత పరదాకు ఎందుకు చాలదు? కొత్త తువ్వాలు నీళ్లెందుకు పీల్చదు?

దసరాకు ముందు ఇల్లు దులిపే రోజుల్లో పాత పరదాలు దిగుతాయి, అరిగిన తువ్వాళ్లు మసిగుడ్డలవుతాయి, వాటి బదులు కొత్తవి వస్తాయి. ఆన్‌లైన్‌లో కొనడం అలవాటయ్యాక ఈ రెండింటి దగ్గరా అంకెలే ఎదురవుతున్నాయి. పరదా దగ్గర ‘7 అడుగులు, 2 ప్యానెళ్ల సెట్టు, ఐలెట్’ అని ఉంటుంది. తువ్వాలు దగ్గర ‘500 జీఎస్ఎం, కోంబ్డ్ కాటన్ (పొట్టి పోగులు దువ్వి తీసేసిన నూలు)’ అని ఉంటుంది. ఏ అంకె దేన్ని చెబుతోందో తేలక ఏడడుగుల గుమ్మానికి ఏడడుగుల పరదా తెప్పిస్తే, అది నేలకు జానెడు పైన వేలాడుతుంది. అన్నింటికన్నా మందంగా ఉందని ఏరి తెచ్చిన తువ్వాలు ముసురు పట్టిన మూడో రోజుకే ముక్క వాసన కొడుతుంది.

రెండు చోట్లా పొరపాటు ఒకే తీరుది. కొట్లో మనం చూసే బట్ట పొడిగా, కొత్త మెరుగుతో, బల్ల మీద పరిచి ఉంటుంది. ఇంటికొచ్చాక అదే బట్ట వేలాడాలి, తడవాలి, ఆరాలి. మొదటి ఉతుకు తర్వాత ఎలా ఉంటుందో అదే దాని అసలు రూపం. లెక్క వెయ్యాల్సింది ఆ రూపానికి.

ముందు రాడ్, తర్వాతే టేపు

పరదా కిటికీకి వేలాడదు, రాడ్‌కు వేలాడుతుంది. కాబట్టి రాడ్ ఎక్కడ ఉంటుందో తేలకుండా పరదా కొలత అనేదే లేదు. మన ఇళ్లలో సాధారణంగా కిటికీ చట్రం పైఅంచు, గుమ్మం పైఅంచు రెండూ లింటెల్ అడుగున, నేల నుంచి దాదాపు ఏడడుగుల దగ్గర ఉంటాయి. రాడ్‌ను చట్రం మీద బిగించరు. దానికి 4 నుంచి 6 అంగుళాల పైన గోడకు బిగిస్తారు. అలా పెడితే పైసందులోంచి వెలుతురు కారదు, కిటికీ రెక్క లోపలికి తెరిచినా రాడ్‌కు తగలదు. పక్కలకు కూడా చట్రం దాటి చెరో 6 అంగుళాలు వదులుతారు. పరదా పక్కకు లాగినప్పుడు ఆ గుట్ట గాజుకు అడ్డం పడకుండా గోడ మీదికి పోవడానికే ఆ జాగా.

ఇప్పుడు ఏడడుగుల గుమ్మం లెక్క చూడండి. గుమ్మం 84 అంగుళాలు. రాడ్ దానికి 5 అంగుళాల పైన అంటే నేల నుంచి 89 అంగుళాలు. ఏడడుగుల పరదా పొడవు 84. అందులో అంగుళంన్నర, రాడ్ దూర్చే రింగుల (ఐలెట్ల) పైనే ఉండిపోతుంది. కింద మిగిలే సందు ఆరున్నర అంగుళాలు. కుట్టినవాడిదీ తప్పు కాదు, అమ్మినవాడిదీ కాదు. ‘7 అడుగుల డోర్ కర్టెన్’ అన్న పేరే గుమ్మం ఎత్తును, బట్ట పొడవును ఒకటిగా కలిపేసింది.

రెడీమేడ్ పరదాలు మన దగ్గర ఎక్కువగా మూడు పొడవుల్లో దొరుకుతాయి. 5 అడుగులవి కిటికీకి, 7 అడుగులవి గుమ్మానికి, 9 అడుగులవి పొడుగు గుమ్మానికి. వెడల్పు మాత్రం అన్నింటికీ దాదాపు 4 అడుగులే. నాలుగు బై నాలుగు కిటికీకి పైన 5, కింద 6 అంగుళాలు కలిపితే ఐదడుగులది ఇట్టే సరిపోతుంది. గుమ్మం దగ్గరే చిక్కు. నేలదాకా రావాలంటే 9 అడుగులది కొని అడుగు కత్తిరించి కుట్టించాలి, లేదంటే రాడ్‌ను సరిగ్గా చట్రం అంచుకు దించుకోవాలి.

టేపు గురించి ఒక మాట. దర్జీ వాడే బట్ట టేపు ఏళ్లు గడిచేకొద్దీ సాగుతుంది. ఒంటి కొలతకు కాలంగుళం తేడా వచ్చినా సర్దుకుంటుంది, ఏడెనిమిది అడుగుల గోడ మీద అది కనబడుతుంది. స్టీలు టేపు మేలు. దాని కొస కొక్కెం కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతుంటే పాడైందని అనుకోనక్కర్లేదు. తగిలించి లాగినప్పుడూ గోడకు నొక్కినప్పుడూ కొక్కెం మందం కొలతలో కలవకుండా కావాలనే అలా వదులుగా పెడతారు. నేల ఎప్పుడూ మట్టంగా ఉందని నమ్మకూడదు. రాడ్ ఎడమ కొస, మధ్య, కుడి కొస నుంచి నేలకు మూడు చోట్ల కొలిస్తే పాత ఇళ్లలో అరంగుళం తేడా రావడం మామూలే. పరదా నేలకు తగలకూడదనుకుంటే మూడింటిలో చిన్నదాన్నే తీసుకోవాలి.

కొలత రాసుకోవడంలో ఇంకో ఉచ్చు ఉంది. 5 అడుగుల 10 అంగుళాలను 5.10 అని రాసే అలవాటు చాలామందికి ఉంది. అంగుళాల్లో అది 70. ఆన్‌లైన్ ఫారంలో 5.10 అడుగులు అని కొడితే అవతలి కంప్యూటరు దాన్ని 61 అంగుళాలుగా చదువుతుంది. ముప్పావు అడుగు బట్ట అక్కడే పోయింది. మొత్తం అంగుళాల్లోనే రాస్తే ఈ గొడవ ఉండదు. 4×7 అని రాసినప్పుడు ముందుది వెడల్పు, తర్వాతది పొడవు. ఈ వరస తారుమారైతే కుట్టే చోట ఎవరూ అడగరు, కుట్టేస్తారు.

కుచ్చులు అంటే అలంకారమేనా?

రాడ్ 84 అంగుళాలైతే 84 అంగుళాల వెడల్పు బట్ట సరిపోవాలి కదా అనిపిస్తుంది. అది దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. పరదా మడతలు మడతలుగా జారాలంటే బట్ట వెడల్పు రాడ్ పొడవుకు ఒకటిన్నర నుంచి మూడు రెట్లు ఉండాలి. ఈ నిష్పత్తినే కుట్టేవాళ్లు కుచ్చు అంటారు. రింగుల పరదాకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, పైన ప్లీట్లు కుట్టే పరదాకు రెండు నుంచి రెండున్నర, పలుచని వల లాంటి బట్టకు రెండున్నర నుంచి మూడు. బట్ట పలచబడేకొద్దీ ఆ నిష్పత్తి పెరుగుతుంది. ఎందుకంటే అక్కడ చాటు వచ్చేది మడత మీద మడత పడటం వల్లే.

ఎన్ని రెట్లు ఉండాలి అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. ఇంటీరియర్ పని చేసేవాళ్లు రెండుకు తగ్గితే ఒప్పుకోరు. పరదా మూసినప్పుడూ మడతలు మిగలాలన్నది వాళ్ల వాదన, అది నిజమే. ఇంటిపని చేసేవాళ్ల లెక్క వేరు. కుచ్చు పెరిగితే దుమ్ము పట్టే బట్ట పెరుగుతుంది, ఉతికే బరువు పెరుగుతుంది, పక్కకు లాగినప్పుడు గుట్టా పెరుగుతుంది. రోడ్డు పక్క ఇంట్లో నెలకోసారి పరదాలు ఉతికేవాళ్లకు ఒకటిన్నర రెట్లు అనడం పిసినారితనమేమీ కాదు. ఒకటింపావు కన్నా తగ్గితే మాత్రం రెండు వైపులవారికీ నచ్చదు. పరదా బిగుసుకుపోయి, రెండు రెక్కల మధ్య చీలిక మిగులుతుంది.

ఒక కిటికీ, నాలుగు లెక్కలు

ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న పడకగది కిటికీ తీసుకుందాం. చట్రం పైఅంచు నేల నుంచి 84 అంగుళాలు. పక్కలకు చెరో 6 వదిలితే రాడ్ 72 + 12 = 84 అంగుళాలు. పైకి 5 జరిపితే రాడ్ ఎత్తు 89. పరదా నేలదాకా రావాలి.

రెడీమేడ్ అయితే ‘4 అడుగులు’ అన్న ప్యానెల్‌ను చాలాసార్లు కొలిస్తే 45 అంగుళాలే తేలుతుంది. రెండు ప్యానెళ్ల సెట్టు ఒకటి కొంటే 90 అంగుళాల బట్ట. 90ని 84తో భాగిస్తే 1.07. ఇదే ఆ దుప్పటి ఆరేసిన పరదా. రెండు సెట్లు కొంటే 180, అంటే 2.14 రెట్లు. ‘సెట్టు’ అన్న మాట కిటికీకి సరిపడా అనిపిస్తుంది గానీ దానర్థం రెండు ముక్కలు అని మాత్రమే.

కుట్టించుకుంటే లెక్క బట్ట పన్నాతో, అంటే బట్ట నేసిన వెడల్పుతో మొదలవుతుంది. పరదా బట్ట ఎక్కువగా 48 లేదా 54 అంగుళాల పన్నాలో వస్తుంది. 54 తీసుకుందాం. మూడు పన్నాలు కావాలి. ఒక్కో పరదాకు ఒకటిన్నర పన్నా, అంటే 54 + 27 = 81. అందులో అతుకుకు ఒక అంగుళం, రెండు పక్కల మడతలకు మూడు పోతే మిగిలేది 77. రెండు పరదాలు కలిపి 154, నిష్పత్తి 1.83. రింగుల పరదాకు ఇది చక్కగా సరిపోతుంది.

ఇక పొడవు. రాడ్ పైఅంచు 89. రింగు పైన ఉండే బట్ట అంగుళంన్నర కలపాలి, నేలకు తగలకుండా ఒక అంగుళం తీసెయ్యాలి. కుట్టయ్యాక పొడవు 89.5. కత్తిరింపుకు పైన బక్రం (పైఅంచు నిలబడేందుకు పెట్టే గట్టి గుడ్డ) మీదికి మడవడానికి 4.5, అడుగున రెండు మడతలకు 6 కలిపితే సరిగ్గా 100 అంగుళాలు. మూడు పన్నాలకు 300 అంగుళాలు, అంటే 7.62 మీటర్లు. ఇది మొదటి జవాబు.

బట్ట నూలుదైతే రెండో జవాబు కావాలి. ముందుగా కుదించని నూలు బట్ట తొలి ఉతుకుల్లో నూటికి 3 నుంచి 5 వంతులు కురచబడటం మామూలు. 89.5లో 4 వంతులంటే మూడున్నర అంగుళాలకు పైనే. నేలకు అంగుళం పైన ఉన్న పరదా ఉతికాక నాలుగున్నర అంగుళాల పైకి పోతుంది. బట్టను ముందే తడిపి ఆరేసి కుట్టించినా, అలాగే కుట్టించి అడుగు మడతలో దాచిపెట్టినా, ఒక్కో పొడవుకు 4 అంగుళాలు అదనంగా కొనాల్సిందే. 104 మూడుసార్లు 312 అంగుళాలు, అంటే 7.92 మీటర్లు. కొట్లో ఎనిమిది మీటర్లు అడుగుతారు. పాలియెస్టర్‌కు ఈ లెక్క దాదాపు అక్కర్లేదు. అది తడికి కాదు, వేడికి ముడుచుకుంటుంది. అందుకే దాని శత్రువు ఇస్త్రీ పెట్టె.

పెద్ద పూల డిజైను ఉంటే మూడో జవాబు. ఒక పువ్వు నుంచి మళ్లీ అదే పువ్వు వచ్చేదాకా 24 అంగుళాలనుకుందాం. అతుకు దగ్గర పువ్వు సగం ఇటు సగం అటు కాకూడదంటే ప్రతి పొడవూ 24 గుణిజం కావాలి. 104కు పైన దొరికే గుణిజం 120. మూడు కలిపి 360 అంగుళాలు, 9.14 మీటర్లు. కిటికీ అదే, బట్ట మొదటి జవాబు కన్నా మీటరున్నర ఎక్కువ. డిజైను బట్ట ధర మీటరుకు చవకగా కనిపించినప్పుడు ఈ గుణకారం వేసి చూస్తే సంగతి తేలుతుంది.

నాలుగో జవాబు గజాలది. ఇంట్లో పెద్దవాళ్లు గజాల్లో ఆలోచిస్తారు, కొట్లో మీటర్లలో కోస్తారు. గజం 36 అంగుళాలు, మీటరు 39.37. ఎనిమిది మీటర్లు కావాల్సిన చోట ఎనిమిది గజాలు తెస్తే 27 అంగుళాలు తక్కువ పడుతుంది.

రింగుల్లో దాగిన లెక్క

రింగుల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే. పరదా రాడ్ చుట్టూ లోపలికీ బయటికీ అలలా తిరుగుతుంది. రింగులు సరిసంఖ్యలో ఉంటే రెండు అంచులూ గోడవైపు తిరుగుతాయి. బేసి అయితే ఒక అంచు గదిలోకి నాలుకలా పొడుచుకొస్తుంది, ఎంత సర్దినా మళ్లీ అంతే. మన 77 అంగుళాల పరదాకు అంచుల్లో చెరో 2 వదిలితే 73 మిగులుతుంది. రింగుకూ రింగుకూ దాదాపు 6 అంగుళాలు అనుకుంటే 12 సందులు, అంటే 13 రింగులు. 13 బేసి. కాబట్టి 12 రింగులు పెట్టి సందు 6.6 అంగుళాలైనా చెయ్యాలి, 14 పెట్టి 5.6 అయినా చెయ్యాలి.

ఆ సందే బ్రాకెట్టునూ నిర్ణయిస్తుంది. పరదా పక్కకు లాగితే రెండు రింగుల మధ్య బట్ట సగానికి మడతపడి రాడ్‌కు అటూ ఇటూ మూడేసి అంగుళాలు పొడుచుకొస్తుంది. రాడ్ గోడకు రెండంగుళాల దూరంలోనే ఉంటే వెనక మడత గోడకు రుద్దుకుని అక్కడ నల్లటి చార పడుతుంది. రాడ్ ఆరడుగులు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్టు లేకపోతే కొన్నాళ్లకు విల్లులా వంగుతుంది. మూడో బ్రాకెట్టు పెడితే రింగులు దాన్ని దాటవు. రెండు పరదాలున్న చోట ఇబ్బంది లేదు. ఒకటే పెద్ద పరదా ఒకవైపుకు లాగాలనుకున్న చోట ముందే ఆలోచించాలి.

నేలదాకా వేలాడాలా, కిటికీ అడుగుదాకానా

దీనిమీద ఇళ్లలో నిజంగానే వాదనలు జరుగుతాయి. నేలదాకా ఉంటే గది ఎత్తుగా కనిపిస్తుంది, పడమటి ఎండ పక్కల్లోంచి రాదు, ఏసీ గదిలో చల్లదనం నిలుస్తుంది. అవతలివైపు మాట: కిటికీ కింద మంచమో బల్లో ఉంటే నేలదాకా వచ్చిన బట్ట వాటి వెనక నలిగి దుమ్ము పోగేస్తుంది, రోజూ తడిగుడ్డ పెట్టే నేల మీద అంచు చెమ్మ పీల్చి మురికి గీత పడుతుంది. కిటికీ కింద ఖాళీ గోడ ఉందా లేదా అన్నది చూస్తే చాలావరకు తేలిపోతుంది. రెండూ కాకుండా కిటికీకీ నేలకూ నట్టనడుమ ఆగిపోయిన పరదాను మాత్రం ఎవరూ సమర్థించరు. తలుపుకు కొన్నదాన్ని కిటికీకి వేశారని దూరం నుంచే తెలిసిపోతుంది.

తువ్వాలు మీద జీఎస్ఎం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. వంటింటి త్రాసుతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. 30 బై 60 అంగుళాల తువ్వాలు మీటర్లలో 0.762 × 1.524, అంటే 1.16 చదరపు మీటర్లు. అది 520 గ్రాములు తూగితే 520ని 1.16తో భాగించాలి. దాదాపు 448 వస్తుంది. పెట్టె మీద 600 అని ఉంటే బేరం తేడాగా ఉందన్నమాట. 400 లోపు తేలిక, 400 నుంచి 600 మధ్యరకం, ఆపైన బరువు అని స్థూలంగా అంటారు.

ఈ అంకె నూలు ఎంత ఉందో చెబుతుంది. నాణ్యత చెప్పదు, ఎంతసేపట్లో ఆరుతుందో అసలే చెప్పదు. మందపు తువ్వాలు ఎక్కువ నీరు పడుతుంది, ఆ నీరంతా మళ్లీ ఆరాలి. చేత్తో పిండిన నూలు తువ్వాలులో దాని బరువంత నీరు సులువుగా మిగులుతుంది. 520 గ్రాముల టర్కీ తువ్వాలు అరలీటరు నీళ్లతో దండెం ఎక్కితే, అదే కొలతలో 200 గ్రాములుండే చేనేత తుండు పావులీటరు లోపే మోస్తుంది. గాలి తగిలే వైశాల్యం రెండింటికీ దాదాపు ఒకటే. అంటే తుండు ఆరడానికి పట్టే సమయం సగం కన్నా తక్కువ. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలంలో గాలే తడిగా ఉన్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. హోటళ్లు బరువు తువ్వాళ్లు వాడగలవు, వాటి వెనక ఆరబెట్టే యంత్రాలుంటాయి. దండెం మీద ఆధారపడే ఇంటికి అదే బరువు భారం. మెత్తగా ఒళ్లంతా చుట్టుకోవాలనుకునేవాళ్లకు మందం సుఖం, కాదనలేం. బాల్కనీలో ఎండ పడుతుందా అన్నది ముందు చూసుకోవాలి, అంతే.

తుండుకూ టర్కీ తువ్వాలుకూ తేడా మగ్గం మీదే మొదలవుతుంది. తుండుకు పడుగు (నిలువు పోగులు) ఒకటి, పేక (అడ్డ పోగులు) ఒకటి. లూపుల తువ్వాలుకు రెండు పడుగులుంటాయి, ఒకటి బిగువుది, ఇంకొకటి వదులుది. రెండు పేక పోగులను బట్ట అంచుకు కాస్త దూరంలో ఆపి, మూడో పోగుతో కలిపి ఒకేసారి ముందుకు కొడతారు. అప్పుడు వదులు పడుగు జారి లూపుగా పైకి లేస్తుంది. మన దేశంలో షోలాపూర్ టెర్రీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ‘టర్కీ’ అన్న పేరు ఊరికే రాలేదు. టర్కీలో ఈ నేతను చూసిన హెన్రీ క్రిస్టీ అనే ఆంగ్లేయుడు ఇంగ్లండులో దీన్ని యంత్రంమీద నేయించాడు, 1851 లండన్ మహా ప్రదర్శనలో ఈ తువ్వాళ్లు పెట్టారు.

కొత్త తువ్వాలు నీళ్లను ఎందుకు తోసేస్తుంది

కొత్త తువ్వాలు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే దాని మీద ఇంకా మెరుగు ఉన్నట్టు. కొట్లో ముట్టుకోగానే పట్టులా అనిపించాలని చివర్లో సిలికాన్ మెత్తదనం పట్టిస్తారు. ఆ పొర నీటిని రానివ్వదు. రెండు మూడు ఉతుకులకు అది పోతుంది, లూపులు విచ్చుకుంటాయి, చుక్క పడగానే ఇంకుతుంది. రంగు, నూగు దిగేదీ ఈ ఉతుకుల్లోనే, అందుకే వాటిని మిగతా బట్టలతో కలపరు. గుప్పెడు ఉప్పో వెనిగరో వేస్తే రంగు నిలబడుతుందన్న నమ్మకం ఉంది. ఇప్పటి నూలు రంగులకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, రంగు అద్దకంలోనే నిలవాలి.

గట్టిపడటం: రెండు కారణాలు, ఒక వివాదం

దండెం మీద ఆరిన తువ్వాలు అట్టముక్కలా తయారవుతుంది. మనవాళ్లు వెంటనే బోరు నీళ్లను తిడతారు. కొంతవరకు న్యాయమే. ఉప్పునీళ్లు అని మనం పిలిచే కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. సబ్బు బిళ్లతో ఉతికితే అవి సబ్బుతో కలిసి బంకలాంటి మడ్డిగా మారి లూపుల్లో కూరుకుంటాయి. బకెట్టుకు గార పట్టినట్టే తువ్వాలుకూ పడుతుంది. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. 600 ఉన్న నీటిలో సబ్బు నురగే రాదు.

కానీ మెత్తటి నీటిలో ఉతికినా తువ్వాలు కొంత గట్టిపడుతుంది. దీనికి కారణాన్ని జపాన్‌లో డిటర్జెంట్లు తయారుచేసే కావో సంస్థ, హొక్కాయిడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో చూపించారు. బట్ట ఆరిందని మనం అనుకున్నాక కూడా నూలు పోగుల మీద పలుచని నీటి పొర అంటిపెట్టుకుని ఉంటుంది. అది పక్కపక్క పోగులను జిగురులా అతికిస్తుంది. కదలకుండా ఆరితే ఆ అతుకులు అలాగే బిగుస్తాయి. ఆరేసే ముందు తువ్వాలును గట్టిగా నాలుగుసార్లు విదిలించడం, ఆరాక చేతుల్లో నలపడం ఎందుకు పనిచేస్తాయో దీంతో అర్థమవుతుంది. గాలికి రెపరెపలాడిన తువ్వాలు గదిలో ఆరినదానికన్నా మెత్తగా ఉండేదీ అందుకే.

వివాదం ఫాబ్రిక్ కండిషనర్ దగ్గర. దాని మందు పోగులకు అంటుకుని వాటిని ఒకదానితో ఒకటి అతుక్కోనివ్వదు, కాబట్టి మెత్తదనం నిజమే. అదే పొర నీటిని కూడా దూరం పెడుతుంది, ఉతుకు ఉతుక్కూ పేరుకుంటుంది. ఒంటికి రుద్దుకుంటే తడి ఆరకుండా జారుతున్నట్టుండే మెత్తటి తువ్వాలు దీని ఫలితమే. కరుకుదనం భరించలేనివాళ్లు, పసిపిల్లల ఒళ్లు తుడిచేవాళ్లు అప్పుడప్పుడూ కొద్దిగా వాడతామంటే అర్థముంది. ప్రతిసారీ మూతనిండా వేస్తే తువ్వాలు తన పని మానేస్తుంది.

వెనిగర్ మీద కూడా రెండు మాటలున్నాయి. పులుపు కాల్షియం గారను కరిగిస్తుంది, కాబట్టి జాడింపు నీళ్లలో అరకప్పు తెల్ల వెనిగరో, చెంచా నిమ్మఉప్పో వేస్తే బోరు నీళ్ల ఇళ్లలో తేడా తెలుస్తుంది. వద్దనేవాళ్లు వాషింగ్ మెషిన్ రబ్బరు భాగాలను చూపిస్తారు, రోజూ పులుపు తగిలితే రబ్బరు త్వరగా పాడవుతుందని. బకెట్టులో జాడిస్తే ఆ బెంగే లేదు. వంటసోడా, వెనిగర్ కలిపి వెయ్యమనే సలహా మాత్రం ఉత్త బుడగలు. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పునీరే. వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రావణంతో కలపడం ప్రమాదం, విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది.

ముక్క వాసన, పసుపు, తలనూనె

ఉతికి ఆరేసిన తువ్వాలు పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉండి, తడి తగలగానే వాసన కొడితే అది మురికి వాసన కాదు. జపాన్ పరిశోధకులు 2012లో దీని వెనక మొరాక్సెల్లా ఒస్లోయెన్సిస్ అనే బాక్టీరియాను గుర్తించారు. చెమట, చర్మపు జిడ్డు తిని అది ఘాటైన ఆమ్లం ఒకటి వదులుతుంది. ఆరినా, ఎండ తగిలినా చావకుండా తట్టుకోవడం దీని ప్రత్యేకత. అందుకే ‘ఎండలో వేస్తే చాలు’ అన్న మాట సగమే నిజం. ఎండ తువ్వాలును త్వరగా ఆర్చి వాసన మొదలవకుండా కాపాడుతుంది. ఒకసారి పట్టుకున్నదాన్ని వదిలించడానికి 60 డిగ్రీల వేడినీళ్లో, సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచో కావాలి. దండెం మీద సగానికి మడిచి వేసిన తువ్వాలులో లోపలి రెండు ముఖాలకు గాలి తగలదు. క్లిప్పులు పెట్టి ఒక అంచున వేలాడదీస్తే నాలుగు ముఖాల్లో రెండు దాగవు.

పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, సబ్బులోని క్షారానికి కర్కుమిన్ రంగు మారుతుంది. బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకే వస్తుంది. కర్కుమిన్ వెలుతురుకు నిలవదు, కాబట్టి తడిగా ఎండలో వేస్తే రెండు మూడు రోజుల్లో మరక వెలిసిపోతుంది. మొటిమల క్రీముల్లోని బెంజాయిల్ పెరాక్సైడ్ చేసే నారింజ రంగు మచ్చ దీనికి పూర్తిగా వేరు. అది మరక కాదు, తువ్వాలు రంగే పోయిన చోటు. ఎంత ఉతికినా ఆ రంగు తిరిగి రాదు.

తలనూనె అసలైన మొండిది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కార్తీక మాసపు చల్లటి కుళాయి నీళ్లలో ఉతికితే అది కరగకుండా లూపుల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, బట్టల సోడా, డిటర్జెంటులో గంటసేపు నానబెడితే గానీ దిగదు. తలంటు రోజున సున్నిపిండి రేణువులు కూడా లూపుల్లో చిక్కుకుంటాయి. ఆరోజుకు లూపుల్లేని పాత తుండు వాడటం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. నూనె పూర్తిగా దిగని తువ్వాళ్లను డ్రయర్‌లో వేడిగా ఆర్చి వెంటనే కుప్పగా మడిచిపెట్టకూడదు, లోపల వేడి పెరిగి అంటుకున్న సందర్భాలున్నాయి.

ఇక గాజులకో మేకుకో తగిలి పొడుగ్గా బయటికి వచ్చిన లూపు. దాన్ని లాగితే పక్కనున్న లూపులు ఒక్కొక్కటే మాయమవుతాయి. వదులు పడుగు పోగు ఒకటే ఆ వరస పొడవునా సాగుతుంది కదా, మనం లాగేది ఆ పోగునే. కత్తెరతో మిగతా లూపుల ఎత్తుకు కత్తిరిస్తే ఏమీ విడిపోదు. బిగువు పడుగూ పేకా కలిసి దాన్ని అడుగున పట్టుకునే ఉంటాయి.